పెన్ డ్రైవ్ ఎందుకు తెరుచుకోదని అడిగితే తప్పా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. పాత లాప్‌టాప్ పారేయడానికి మనసొప్పక లినక్స్ వేసుకున్న ఇళ్ళల్లో రాయచోటిలోని మా ఇల్లూ ఒకటి. లినక్స్ మంచిదే, ఉచితం కూడా. 'స్వేచ్ఛ' సంస్థవాళ్ళు తెలుగులోకీ తెచ్చారు. నా పేచీ లినక్స్‌తో కాదు, కొత్తగా వాడేవాళ్ళకు వచ్చే జవాబుతో.

మావాడు వేసిచ్చిన లినక్స్‌లో పెన్ డ్రైవ్ పెడితే ఏమీ కనిపించలేదు. ఎందుకురా అంటే, "మౌంట్ కమాండ్ కొట్టాలమ్మా. తనంతట తాను తెరుచుకుంటే వైరస్ వస్తుంది" అన్నాడు. ఇది వాడి ఒక్కడి మాట కాదు, చాలామంది చెప్పే మాటే.

మౌంట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పెన్ డ్రైవ్ పెట్టగానే కంప్యూటర్ దాన్ని గుర్తుపడుతుంది. అందులోని ఫైళ్ళను ఒక ఫోల్డర్‌కు కలిపి మనకు చూపించడమే మౌంట్. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి ఆ పని వాటంతటవే చేస్తాయి. మావాడు వేసినట్టు తేలికపాటి సెటప్ వేస్తే, ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్ అందులో ఉండదు. అసలు కారణం ఇదీ.

మరి వైరస్ సంగతి? 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ పెన్ డ్రైవుల ద్వారా కూడా పాకిన మాట నిజం. అది వాడుకున్నది విండోస్‌లోని ఆటోరన్‌ని. అంటే, డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌ను నడిపించే ఏర్పాటు. 2011లో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో పెన్ డ్రైవులకు దాన్ని ఆపేసింది. ఫైళ్ళు చూపించడం మాత్రం ఆపలేదు! వచ్చినవాళ్ళను వసారాలో కూర్చోబెట్టడం వేరు, బీరువా తాళాలు చేతికివ్వడం వేరు. ఈ తేడా చెప్పకుండా మనల్ని భయపెడితే ఎట్లా?

ఆఫీసు సర్వర్లలో ఎవరు పడితే వాళ్ళు డ్రైవ్ పెట్టకూడదు, నిజమే. ముక్కూమొహం తెలియని పెన్ డ్రైవ్ ఇంట్లోనూ పెట్టకూడదు, ఒప్పుకుంటా. కానీ ఇంటి లాప్‌టాప్‌లో చూడాల్సింది పెళ్ళి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు. రేపు ఆఖరి తేదీ అనగా అప్లికేషన్‌కు ఫోటో కావాలంటే, హాస్టల్లో ఉన్న పిల్లోడికి ఫోన్ చేసి కమాండ్ అడగాలా? ఇది భద్రతా, లేక మనల్ని ఇంకొకరి మీద ఆధారపడేలా చేయడమా?

"నేర్చుకోవచ్చు కదా" అంటారు. నేర్చుకుంటాం. పొయ్యి దగ్గర్నుంచి బ్యాంకు యాప్ దాకా నేర్చుకోనిది ఏముంది? కానీ మిక్సీ తిరగాలంటే మోటారు రిపేరు నేర్చుకోమని ఎవరూ అనరే!

కాబట్టి అక్కలూ, ఇంట్లో ఎవరైనా కొత్త సిస్టం వేస్తామంటే ముందే చెప్పండి: పెన్ డ్రైవ్ పెట్టగానే కనిపించాలి, తీసేముందు నొక్కడానికి 'ఎజెక్ట్' బటన్ ఉండాలి. రాసిన ఫైలు పూర్తిగా డ్రైవ్‌లోకి చేరకముందే లాగేస్తే పాడయ్యేది మన ఫోటోలే. వేసేది వాళ్ళయినా, రోజూ వాడేది మనమే.