గొలుసు విప్పే చేతికి అధికారం ఏది?



హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా దక్షిణానికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మదురై దాటాక విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా కన్యాకుమారి చేరుతుంది. అంత దూరం పోయినా ఆ దారి పక్క ఊళ్ళలో తెలుగు వినబడుతుంది. వందల ఏళ్ళ కిందట వలసపోయి ఆ నల్లరేగడి నేలలో స్థిరపడిన కుటుంబాల తెలుగు అది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో అలాంటి ఇంట్లోనే పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథను ‘గోపల్లగ్రామం’ అనే తమిళ నవలగా రాశాడు. వలస వచ్చిన రైతు కుటుంబాలకు పొలాలు దొరికాయి. అదే తెలుగు మాట్లాడే అరుంధతీయులకు దొరికింది చెప్పులు కుట్టే పని, మురుగు కాలువ, మునిసిపాలిటీ చీపురు. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీ రిజర్వేషన్లలో వారికి 3 శాతం విడిగా ఇచ్చింది. దళితుల్లో కూడా వారు ఎంత వెనక్కి నెట్టబడ్డారో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు అది.

ఈ ప్రాంతంలో ఇంకా వేలమంది పేదల బతుకు అగ్గిపెట్టెల మీద, టపాకాయల మీద నడుస్తుంది. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో టపాకాయల కర్మాగారం పేలి దాదాపు 40 మంది చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో మళ్ళీ పేలుడు, మళ్ళీ శవాలు. ప్రతిసారీ నష్టపరిహారం ప్రకటిస్తారు, కాలిన చర్మానికి వైద్యం చేస్తారు. ఆ పేలుడు నుంచి బతికి బయటపడిన ఆడమనిషి మూడు నెలల తరువాత కూడా పొయ్యి వెలిగించడానికి వణికిపోతుంటే, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంటే, ఆమె ఎవరి దగ్గరికి పోవాలి?

లెక్క చూద్దాం. మన దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పిన అంకె 0.75. అంటే నాలుగు లక్షల మందికి ముగ్గురు. ఆ ముగ్గురూ కూడా ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. విరుదునగర్ జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే 19 లక్షలు దాటింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లాకు ఒక బృందం ఉంటుంది. 1996లో ఈ కార్యక్రమం మొదలైన మొదటి నాలుగు జిల్లాల్లో తమిళనాడు తిరుచ్చి ఒకటి, మన మెదక్ ఒకటి. దాదాపు ముప్పై ఏళ్ళయినా జిల్లాకు ఒక బృందమే. రోజు కూలీ మనిషి రోగిని మదురైకి తీసుకుపోవాలంటే తోడు మనిషి కూలీ కూడా పోతుంది. రెండుసార్లు పోతారు, మూడోసారి మానేస్తారు. మందు ఆగిపోతుంది, జబ్బు తిరగబడుతుంది.

అందుకే మా వాదన సూటిగా చెబుతాం. మానసిక వైద్యంలో ఎమ్మెస్సీ నర్సింగ్ చదివి, వార్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన నర్సుకు తాలూకా ఆసుపత్రిలో సొంత ఓ.పి. ఇవ్వాలి. పరీక్షించే అధికారం, నిర్ణీత పరిధిలో మందులు కొనసాగించే అధికారం, ఆ బాధ్యతకు తగిన జీతం ఇవ్వాలి. బయటి దేశాల్లో ఈ ఉద్యోగాన్ని అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ సైకియాట్రిక్ నర్స్ అంటారు. అమెరికాలో అలాంటి నర్సు రోగిని పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందు కూడా రాస్తుంది. చాలా రాష్ట్రాల్లో డాక్టరు సంతకం కూడా అక్కరలేదు. మన దేశంలో మందు రాసే హక్కు నర్సుకు లేదు. మానసిక వైద్యంలో ఎమ్మెస్సీ చేసినవారిలో చాలామంది కళాశాలల్లో పాఠాలు చెప్పుకుంటున్నారు, లేదా మామూలు వార్డుల్లో సెలైన్లు మార్చుకుంటూ విమానం టికెట్టు కోసం ఎదురు చూస్తున్నారు.

ఆమె కోవిల్‌పట్టిలో కూర్చుంటే ఏం మారుతుంది? స్కిజోఫ్రీనియా ఉన్న కుర్రవాడు రోజూ మాత్ర మింగనంటాడు. అతనికి రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి వేసే ఇంజెక్షన్ ఉంది. దానికోసం వంద కిలోమీటర్లు పోవలసిన పని లేదు, నర్సు వేయగలదు. ఇంజెక్షన్ వేసిన తరువాత మెడ బిగుసుకుపోయిందా, చేతులు వణుకుతున్నాయా, కాలు నిలవడం లేదా అని చూడడమే అసలు పని. ఇది తెలియకే చాలా ఇళ్ళలో “ఆ మందు మనిషిని పాడుచేసింది” అని ఆపేస్తారు. లిథియం తీసుకునేవారికి రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో ఆమెకు తెలుసు. తాగుడు ఒక్కసారిగా మానేసిన మనిషికి రెండో రోజునుంచి నాలుగో రోజు మధ్య ఒళ్ళు వణికి, లేనివి కనబడి, ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని మన ఊళ్ళలో దయ్యం అంటారు. ఆమె చూడగానే గుర్తుపడుతుంది, డాక్టరుకు ఫోను చేస్తుంది. ప్రభుత్వమే టాస్మాక్ దుకాణాల్లో మద్యం అమ్మే రాష్ట్రంలో ఈ ఒక్క పని చాలు ఆ పోస్టు పెట్టడానికి. ఇంకొకటి: ఈ నల్లరేగడి పల్లెల్లో పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉంటుంది. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని నేరుగా అడగడం, ఆ డబ్బా ఇంట్లోనుంచి తీయించడం, వారం తిరగకుండా మళ్ళీ ఇంటికి పోయి చూడడం కూడా నర్సు పనే. ఓ.పి.లో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా లేని డాక్టరు వల్ల ఇది కాదు.

భాష సంగతి కూడా చెప్పాలి. జ్వరం వస్తే తమిళంలో చెప్పుకోవచ్చు. “ఒళ్ళంతా మంటలు, గుండెలో ఏదో కూర్చున్నట్టుంది, మనసు మనసులో లేదు” అనే మాటలు అమ్మ భాషలోనే వస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయ ముసలమ్మ ఆ మాట అన్నప్పుడు అర్థం చేసుకునే మనిషి బల్లకు అవతల ఉండాలి. ఆ వాడలోనే పుట్టిన ఆడపిల్ల నర్సుగా ఎందుకు ఉండకూడదు? 3 శాతం కోటా వీధులూడ్చే ఉద్యోగాలకు మాత్రమే కాదు కదా!

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం పొందడాన్ని హక్కుగా చెప్పింది. 95వ సెక్షన్ మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదంది. 31వ సెక్షన్, చట్టం అమలులోకి వచ్చిన పదేళ్ళలోగా అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మానసిక ఆరోగ్య సిబ్బందిని సమకూర్చడానికి ప్రభుత్వాలు ప్రయత్నించాలంది. ‘ప్రయత్నించాలి’ అనే మాట ఉండనే ఉంది, తప్పించుకోవడానికి! చట్టం 2018లో అమలులోకి వచ్చింది. 2028 ఎంత దూరంలో ఉంది? అదే చట్టం నర్సును మానసిక ఆరోగ్య నిపుణుల్లో ఒకరిగా నమోదు చేసుకోమంది. కానీ సాధారణ నర్సింగ్ డిప్లొమా ఉన్నవారినీ, మానసిక వైద్యంలో పై చదువు చదివినవారినీ ఒకే నిర్వచనంలో కట్టేసింది. పై చదువుకు పై బాధ్యత ఏమిటో ఎక్కడా చెప్పలేదు.

నర్సుకు ఎక్కువ అధికారం ఇవ్వడం మన దేశంలో కుదరదా? గత పదేళ్ళలో నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌కు నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టింది, ప్రసూతికి పెట్టింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం నర్స్ ప్రాక్టీషనర్ల కేడరు కావాలని రాసింది. గుండె ఆగితే నర్సును నమ్మే ప్రభుత్వం, కాన్పు వస్తే నర్సును నమ్మే ప్రభుత్వం మనసు చెదిరినప్పుడు ఎందుకు నమ్మదు? మాకు తోచిన జవాబు ఒకటే. ఆ రోగులు ఓటు అడగరు, ధర్నా చేయరు, వాళ్ళ ఇంటివాళ్ళు సిగ్గుతో నోరు విప్పరు.

కొందరు డాక్టర్లు అంటారు, నర్సు మందు రాస్తే ప్రమాదమని. ప్రమాదం ఉంటుంది, కాదనం. అందుకే పరిధి గీయమంటున్నాం: మొదటి నిర్ధారణ, మందు మార్పు డాక్టరుతో మాట్లాడి, కొనసాగింపు, పర్యవేక్షణ నర్సు సొంతంగా. అయినా నర్సు లేకపోతే ఆ కుర్రవాడు మానసిక వైద్యుడి దగ్గరికి పోతున్నాడా? పోవడం లేదు. మందుల షాపులో నిద్రమాత్ర కొంటున్నాడు. తాయెత్తు కట్టించుకుంటున్నాడు. లేదా మన స్వస్థత కూటానికి వస్తున్నాడు.

జీతం మాట ఎత్తకుండా బాధ్యత మాట ఎత్తడం అన్యాయం. 2015లో తమిళనాడు ప్రభుత్వం పోటీ పరీక్ష పెట్టి ఎంపిక చేసిన నర్సులకు ఇచ్చిన మొదటి జీతం నెలకు 7,700 రూపాయలు. 2017 నవంబరులో వాళ్ళు చెన్నైలో రోడ్డెక్కారు. ఆ జీతానికి ‘అడ్వాన్స్‌డ్’ అనే బోర్డు తగిలిస్తే అది గౌరవం కాదు, వెట్టి. మన క్రైస్తవ యాజమాన్యాలు నవ్వుకోనక్కరలేదు. సేవ, పిలుపు, త్యాగం అనే మాటలు చెప్పి అంతకంటే తక్కువ ఇచ్చే ఆసుపత్రులు మనలోనే ఉన్నాయి.

ఇక మన ఇంటి సంగతి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, విరుదునగర్‌కు పొరుగునే ఉన్న రామనాథపురం జిల్లాలోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగుల కోసం నడిపే ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడింది. గొలుసులతో కట్టివేయబడినవారు కదలలేక కాలిపోయారు. మొత్తం 28 మంది చనిపోయారు. అది దర్గా ఊరు కదా, మనకేమిటి అనకండి. అక్కడికి అన్ని మతాలవారూ పోతారు. గొలుసులు మన స్వస్థతా కేంద్రాల ఆవరణల్లోనూ ఉన్నాయి. ఉపవాసం పేరుతో మందు మాన్పించడం, దురాత్మ పేరుతో కొట్టడం మన దైవజనుల్లో కొందరు వేదిక మీదే చేస్తున్నారు. మార్కు సువార్త 5వ అధ్యాయం వాళ్ళకు ఇష్టమైన వాక్యభాగం. దాన్ని నిదానంగా చదవమని అడుగుతున్నాం. అక్కడ గొలుసులు వేసింది ఊరివాళ్ళు. ప్రభువు వేయలేదు. ఆయన అతని పేరు అడిగాడు. చివరికి ఆ మనిషి బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై కూర్చున్నప్పుడు ఊరివాళ్ళు సంతోషించలేదు. పందుల నష్టం చూసి, మా ప్రాంతం విడిచిపొమ్మని ఆయనను బతిమాలారు. ఖర్చవుతుందని బడ్జెట్టులో నర్సు పోస్టు కొట్టేసేవాళ్ళు ఆ ఊరివాళ్ళ వారసులే.

ఏర్వాడిలో ఆ తరువాత ఒక మంచి పని జరిగింది. దర్గా దగ్గరే ప్రభుత్వ మానసిక వైద్య శిబిరం పెట్టారు. ‘దవా-దువా’ అంటారు దాన్ని. ప్రార్థనా ఉంటుంది, మందూ ఉంటుంది. దర్గా పెద్దలు ఒప్పుకున్న పని మన సంఘ పెద్దలు ఒప్పుకోలేరా? మనకు వారసత్వం లేదా? వెల్లూరు సీఎంసీ 1946లోనే నర్సింగ్ డిగ్రీ మొదలుపెట్టింది. 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచి, గొలుసులకూ ఒంటరి గదులకూ బదులు కుటుంబాన్నే రోగి పక్కన ఉంచుకొని వైద్యం చేసింది. రక్తం, చీము ముట్టుకునే పని అని పై కులాలు తమ పిల్లలను పంపని రోజుల్లో మన దళిత క్రైస్తవ ఆడపిల్లలు నర్సులయ్యారు. ఆసుపత్రిలో అందరూ ఆమెను ‘సిస్టర్’ అంటారు, గుడిలో మనమూ సహోదరి అంటాం. రెండు చోట్లా నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర మాత్రం ఆమెకు కుర్చీ వేయరు.

లూకా సువార్తలో సమరయుడు గాయాలు కట్టి అంతటితో వెళ్ళిపోలేదు. పూటకూళ్ళ ఇంటివాడికి రెండు దేనారాలు ఇచ్చి, ఎక్కువైతే మళ్ళీ ఇస్తానన్నాడు. కాబట్టి మన సంఘాలను ఈ సంవత్సరమే అడుగుతున్నాం. మానసిక వైద్య నర్సింగులో ఎమ్మెస్సీకి మీ వాడలనుంచి ఒక్క ఆడపిల్లనో మగపిల్లవాడినో చదివించండి. అరుంధతీయ, మాదిగ, మాల వాడల పిల్లలకు ముందు చోటు ఇవ్వండి. సంఘాల చేతిలో ఉన్న ఆసుపత్రుల్లో ఆ నర్సుకు సొంత గది, సొంత ఓ.పి. ముందుగా మీరే ఇచ్చి చూపించండి. చెన్నైలోనూ, అమరావతిలోనూ, హైదరాబాదులోనూ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలకు రాయండి: 31వ సెక్షన్ కింద మీరు నియమించిన నర్సులు ఎంతమంది, ఏ తాలూకాలో, ఏ జీతానికి? జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. యువజన సంఘాలకు ఇది పది రూపాయల పని.

ఆ జవాబు వచ్చేలోగా, వచ్చే ఆదివారం ప్రకటనలు చదివేటప్పుడు 14416 అనే నంబరు కూడా చదవండి. అది ప్రభుత్వ టెలీ మానస్ ఫోను. డబ్బు పడదు, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. గుడి గుమ్మం దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.