సారు బదిలీ అయితే పాఠం కూడా బస్సెక్కి పోవాల్నా?



పోస్టు కొంచెం పొడుగే. కానీ మన తమ్ముళ్లు, చెల్లెళ్ల చదువు గురించి కాబట్టి ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

తండాల నుంచి వచ్చి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో డిగ్రీలు, బీఎడ్‌లు, కోచింగులు చేస్తున్నవాళ్లం నలుగురం కలిస్తే ముచ్చట ఎక్కడ మొదలైనా చివరికి ఇంగ్లీషు దగ్గరికే వస్తది. సబ్జెక్టు వస్తది, లెక్క వస్తది, ఇంటర్వ్యూలో కూర్చుంటే నోరు పెగలదు. ఇది తెలివి తక్కువై కాదు. ఎందుకంటే మాలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నీకెట్ల వచ్చిందని అడిగితే ఒక్కరు కూడా పుస్తకం పేరు చెప్పరు. ఎనిమిదిలో ఒక సారు ఉండె అనో, హాస్టల్ బడిలో ఒక మేడం ఉండె అనో చెప్తరు. ఆ సారు రోజూ పది నిమిషాలు మాతోనే మాట్లాడించేవాడు, ఆ మేడం తప్పు మాట్లాడితే నవ్వనిచ్చేది కాదు అంటరు.

మరి ఆ సారు బదిలీ అయ్యాక ఆ బడిలో ఏమైంది? ఏమీ లేదు. ఆయనతోపాటు ఆయన పద్ధతి కూడా బస్సెక్కి పోయింది. పక్క బడి టీచరుకు దాని సంగతే తెల్వదు. మేం అనేది ఇదే. మన పిల్లలకు ఇంగ్లీషు ఎట్ల చెప్తే వస్తదో తెలిసిన టీచర్లు మన చుట్టుపక్కలనే ఉన్నారు. వాళ్లు తోటి టీచర్ల ముందు నిలబడి ఆ ముచ్చట చెప్పే అలవాటు కావాలె. అందులో మన గిరిజన యువత కూడా మాట్లాడాలె.

ఇప్పుడే ఎందుకంటే, తెలంగాణ సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చారు. మంచిదే. కానీ తండా పిల్ల సంగతి చూడండి. ఇంట్లో గోర్ బోలి. అంగన్‌వాడీలో, బడిలో తెలుగు. పుస్తకంలో ఇంగ్లీషు. ఎదురు పేజీలో ఉన్న తెలుగు కూడా ఆ పిల్లకు ఇంటి భాష కాదు. మన ఎరుకల పిల్లలదీ అంతే, వాళ్ల ఇంటి మాట తమిళానికి దగ్గర. ఇట్లాంటి పిల్లలున్న క్లాసులో పాఠం చదివి, అర్థం తెలుగులో చెప్పి, జవాబులు బోర్డు మీద రాసి ఎక్కించుకొమ్మంటే పరీక్ష పాసవుతరేమో గానీ మాట రాదు.

టీచర్లు కలిసే జాగా కొత్తగా పెట్టాల్సిన పని లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నయి. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒక్కచోట కూర్చుని అనుభవాలు పంచుకోవాలన్న ఆలోచన 1964–66 నాటి కొఠారీ కమిషన్‌ది. 1986 జాతీయ విద్యా విధానంలో కూడా ఉంది. అయితే మాలో టీచర్లయినవాళ్లు చెప్పేదాన్ని బట్టి చాలాచోట్ల జరిగేది వేరే. సర్క్యులర్ చదువుడు, రిజిస్టర్ సంతకం, ఒక స్లైడ్ షో, టీ. పాఠం ఎట్ల చెప్పాలో ఎక్కువసేపు మాట్లాడే మనిషి చివరిసారి పిల్లల ముందు ఎప్పుడు నిలబడ్డాడో ఎవరికీ తెల్వదు. "అరవై మంది ఉన్న క్లాసులో ఇది ఎట్ల చెయ్యాలె సార్?" అని అడిగితే "ట్రై చెయ్యండి" అంటడు. టీచర్లకు ఇట్లాంటి ప్రసంగాలంటే విసుగు రావడంలో తప్పేం లేదు.

మేం అడిగేది అట్లాంటి ప్రసంగం కాదు. పదిహేను నిమిషాలు, ఒక్కటే ఐడియా, అది కూడా చెప్పే మనిషి తన క్లాసులో చేసి చూసింది. మాకు తెలిసినవి కొన్ని రాస్తున్నం.

మొదటిది, పిల్లలనే పదాలుగా నిలబెట్టుడు. "అమ్మ అన్నం వండింది" అనే మాటకు ముగ్గురు పిల్లలకు మూడు అట్టలు ఇచ్చి వరుసగా నిలబెట్టాలె. ఇప్పుడు ఇంగ్లీషులోకి మార్చమంటే "రైస్" పట్టుకున్న పిల్లాడు, "కుక్డ్" పట్టుకున్న పిల్ల జాగాలు మార్చుకోవాలె. క్రియ మధ్యలోకి వస్తది. తెలుగులోనూ గోర్ బోలిలోనూ క్రియ చివరన ఉంటది కాబట్టి మన పిల్లలు ఇంగ్లీషులో చేసే సగం తప్పులు ఇక్కడివే. "బల్ల మీద" అన్నప్పుడు "మీద" వెనక ఉంటది, ఇంగ్లీషులో "ఆన్" ముందుకొస్తది. అది కూడా ఇట్లనే నిలబెట్టి చూపించొచ్చు. వ్యాకరణం పేరు ఒక్కటి చెప్పకుండానే పని అయితది. ఖర్చు నాలుగు పాత అట్ట ముక్కలు.

రెండోది, గోడ డిక్టేషన్. ఐదారు లైన్ల చిన్న పేరా రాసి గది బయట గోడకు అంటించాలె. ఇద్దరిద్దరు జట్టు. ఒకరు పోయి చదివి, గుర్తుపెట్టుకుని, వచ్చి చెప్పాలె. ఇంకొకరు రాయాలె. సగం కాంగనే పని మార్చుకోవాలె. చదువుడు, మాట్లాడుడు, వినుడు, రాసుడు నాలుగూ ఒక్క ఆటలో అయిపోతయి. ఎప్పుడూ వెనక బెంచీలో ఉండే పిల్లగాడు ఇందులో ముందుంటడు, ఎందుకంటే ఉరకాలె.

మూడోది, లెక్క. క్లాసులో నలభై మంది, మాట్లాడించడానికి ఇరవై నిమిషాలు ఉన్నయనుకోండి. సారు ఒక్కొక్కరినీ లేపి అడిగితే ఒక్కో పిల్లకు వచ్చేది అర నిమిషం. అదే జంటలుగా కూర్చోబెడితే ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడుతరు. గోల అయితది, నిజమే. కానీ ఇంగ్లీషు క్లాసు నిశ్శబ్దంగా ఉంటే అందులో ఎవరూ మాట్లాడుతలేరన్నట్టే కదా.

నాలుగోది, మన చుట్టూ ఉన్న ఇంగ్లీషు. మిర్యాలగూడ రైస్ మిల్లుల బియ్యం బస్తా మీద బరువు, గ్రేడు, తేదీ ఇంగ్లీషులోనే ఉంటయి. కోదాడ, సూర్యాపేట దాటి పోయే 65వ నంబర్ హైవే పొడుగునా బోర్డులే. పురుగుమందు డబ్బా మీద ఏం రాసి ఉందో మన నాయినలకు తెల్వక ఎన్ని కష్టాలు పడ్డరో మనకు తెలుసు. ఖాళీ సంచి, సబ్బు కవరు, బస్ టికెట్ బడికి తెచ్చి చదివిస్తే ఇంగ్లీషు పుస్తకంలో ఉండే దయ్యం కాదని పిల్లకు తెలుస్తది. మందు డబ్బా మాత్రం తేవద్దు, దాని మీది మాటలు కాగితం మీద రాసుకొస్తే చాలు.

ఐదోది మా మనసుకు దగ్గరిది. ఇంటి భాషను క్లాసులోకి రానిచ్చుడు. టీచరు ఒక మాట ఇంగ్లీషులో చెప్పి, వెంటనే పిల్లలకు తెలిసిన భాషలో మెల్లగా చెప్పి, మళ్లీ ఇంగ్లీషులో చెప్తే పిల్ల బెదరదు. నాలుగు రోజులైనంక మధ్యలో మాట తీసెయ్యొచ్చు. ఇంకో సంగతి చాలామంది టీచర్లకు తెల్వదు. గోర్ బోలి ఇండో ఆర్యన్ భాష. దానికీ ఇంగ్లీషుకీ మూలం ఒక్కటే కుటుంబం, తెలుగు మాత్రం ద్రావిడ భాష. మనం "నామ్" అంటం, వాళ్లు "నేమ్" అంటరు. మనం "తీన్" అంటం, వాళ్లు "త్రీ" అంటరు. అంటే మన యాడీ మాట్లాడే మాట ఇంగ్లీషుకు దూరపు చుట్టం! ఈ ఒక్క ముక్క ఐదో తరగతి తండా పిల్లకు చెప్పి చూడండి, తల ఎట్ల లేస్తదో. ఇంటి భాష మాట్లాడినందుకు బెంచీ ఎక్కినవాళ్లు మాలో ఉన్నారు. ఆ రోజు నేర్చుకున్నది ఇంగ్లీషు కాదు, నోరు మూసుకునుడు.

ఇవన్నీ అందరి క్లాసులో పని చేస్తయా? చెయ్యవు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో వ్యాకరణం నేరుగా చెప్పకుండా పనులు చేయించి ఇంగ్లీషు నేర్పే ప్రాజెక్టు ఒకటి నడిచింది. దాన్ని నడిపించిన ఎన్.ఎస్. ప్రభు పేరు ఇప్పటికీ ప్రపంచంలో ఇంగ్లీషు టీచర్లకు తెలుసు. ఆయనే 1990లో ఒక వ్యాసం రాస్తూ అన్నిటికన్నా గొప్ప పద్ధతి అంటూ ఏదీ లేదన్నాడు. టీచరుకు తన క్లాసులో ఏది ఎందుకు పని చేస్తదో తెలియాలె, ఆ తెలివి టీచర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే పెరుగుతది అని ఆయన మాట సారాంశం. అందుకే మేం పద్ధతి కన్నా ముందు మాట్లాడుకునే జాగా అడుగుతున్నం. హైదరాబాద్‌లో ఇంగ్లీషు బోధన కోసమే 1958లో పెట్టిన సంస్థ ఇవాళ ఇఫ్లూగా ఉంది. 1969 నుంచి ఇంగ్లీషు టీచర్లకు ఎల్టాయ్ అనే దేశవ్యాప్త సంఘం ఉంది. పెద్ద జాగాలున్నయి. కానీ తండా బడి టీచరు అక్కడిదాకా పోలేడు. ముచ్చటే మన దగ్గరికి రావాలె.

ఒక చిక్కు ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినయి. సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. డీఈఓలు వేరు, ట్రైనింగులు వేరు. కానీ పాలకవీడు తండాలో పిల్ల మాట్లాడే మాట, దామరచర్ల తండాలో పిల్ల మాట్లాడే మాట ఒక్కటే. వాళ్లు చేసే తప్పులూ ఒక్కటే. పెండ్లిళ్లకు, తీజ్ పండుగకు జిల్లా గీత దాటి పోతం కదా, చదువు ముచ్చటకు ఎందుకు దాటొద్దు? ఒక నెల సూర్యాపేటలో, ఒక నెల కోదాడలో, ఒక నెల మిర్యాలగూడలో, సెలవు రోజు పొద్దున రెండు గంటలు చాలు. నలుగురు టీచర్లు నాలుగు ఐడియాలు చెప్పాలె. వినేవాళ్లను పిల్లల్లాగ కూర్చోబెట్టి అక్కడికక్కడ చేయించాలె. ఎక్కడ ఫెయిలైందో కూడా చెప్పాలె. పోయిన నెల విన్నది ఎవరు చేసి చూసిన్రో, ఏమైందో తర్వాతి నెల మొదట్లో అడగాలె. చప్పట్లు, శాలువాలు వద్దు.

ఇందులో మన పని ఏంది? రెండున్నయి. మనలో టీచర్లయినవాళ్లు, విద్యా వాలంటీర్లుగా చేసినవాళ్లు వెనక కుర్చీలో కూర్చోవద్దు. "మనకేం వచ్చని పెద్ద సార్ల ముందు మాట్లాడాలె" అనే భయం మనల్ని చిన్నప్పటి నుంచి పట్టుకుని ఉంది. తండా పిల్ల ఎక్కడ తడబడతదో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? రెండోది, టీచర్లు కానివాళ్లు కూడా ఒక పది నిమిషాలు మాట్లాడాలె. ఏ తరగతిలో, ఏ రోజు, ఏ మాటతో మన నోరు మూతపడ్డదో చెప్పాలె. ఎవరి పేరూ వద్దు, నింద వద్దు, జరిగింది చాలు. ఏ ట్రైనింగులోనూ టీచర్లకు ఇది వినే అవకాశం రాదు.

కొందరు అంటరు, పోస్టులు ఖాళీగా ఉంటే ముచ్చట్లతో ఏమైతదని. నిజమే, పోస్టుల కోసం కొట్లాట ఆపొద్దు. ఒక్క టీచరు ఐదు తరగతులు చెప్పే బడిలో ఏ ఐడియా అయినా కుంటుతూనే నడుస్తది. కానీ పోస్టు నింపిన తర్వాత కూడా ఆ టీచరు రేపు పొద్దున క్లాసులో ఏం చెయ్యాలన్నది మిగిలే ఉంటది. ఇంకొందరు, ఇంగ్లీషు వెంట పడితే మన గోర్ బోలి పోతదంటరు. ఆ భయం మాకూ ఉంది. అందుకే ఇంటి భాష ఆసరాతో ఇంగ్లీషు చెప్పాలంటున్నం, దాన్ని బయట నిలబెట్టి కాదు.

మొదటి కూడిక సూర్యాపేటలో పెడదాం అనుకుంటున్నం. పెద్ద హాలు అక్కర్లేదు, నల్లబల్ల ఉన్న ఒక గది చాలు. మీకు ఇంగ్లీషు నేర్పిన ఆ ఒక్క సారు, ఆ ఒక్క మేడం ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి. రిటైరయినా సరే. పోయి కాళ్లు మొక్కి, "మాకు చెప్పినట్టే ఇంకో ముప్పై మంది టీచర్లకు ఒక్కసారి చెప్పండి సార్" అని అడగండి. కాదనరు.

జై సేవాలాల్.