మన పిల్లలు చుక్కాని పట్టవలెను

వేసవి సెలవులలో మన పిల్లలను పదిమందినో పన్నెండుమందినో హైదరాబాదునకు తీసికొనిపోయి, హుస్సేన్ సాగరముమీద తెరచాప పడవ నడుపుటలో మొదటి పాఠము చెప్పించవలెనని మొన్నటి సంఘ సమావేశమున ఒక ప్రతిపాదన వచ్చినది. ప్రతిపాదించినవారము మేమే. వెంటనే ఆక్షేపణలు బయలుదేరినవి. నీటితోను నిప్పుతోను ఆటలు కూడవని పెద్దలనిరి. చంద్రపూరునకు సముద్రమెక్కడిదని, నేర్చిన విద్య ఎచట అక్కరకు వచ్చునని తోడి వర్తకులు నవ్విరి. ఆడపిల్లలను పంపుట పొసగదని ఒకరిద్దరు మెల్లగా చెప్పిరి. సంఘపు సొమ్ము పుస్తకములకును, పేద విద్యార్థుల ఫీజులకును చెల్లునుగాని విలాసములకు చెల్లదని కోశాధికారిగారు గట్టిగనే చెప్పిరి. ఆ దినమున కాలము చాలక మా సమాధానములు సగములోనే నిలిచిపోయినవి. మిగిలినది ఇచట వ్రాయుచున్నాము.

ముందుగా ఒక అపోహ తీరవలయును. లుంబినీ పార్కునుండి బుద్ధవిగ్రహము వరకు పోయివచ్చు యంత్రపు పడవను మనలో చాలమంది ఎక్కియే యున్నారు. టిక్కెట్టు కొని కూర్చుండుట, దిగుట. అంతకుమించి అందు మన పని లేదు. మేము చెప్పుచున్నది అది కాదు. ఆప్టిమిస్టు అను చిన్న పడవ యొకటి కలదు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అను పడవల నిర్మాత దీనిని పిల్లలకొరకే రూపొందించెను. పొడవు 8 అడుగులకు లోపు, బరువు 35 కిలోలు, తెరచాప ఒక్కటి, నడుపువాడును ఒక్కడే. పదునైదేండ్లలోపు పిల్లలు దేశదేశములందు దీనిమీదనే ఓనమాలు దిద్దుచున్నారు. కొంచెము ఎదిగినవారికి లేజరు అను పడవ కలదు. అది సుమారు 14 అడుగులది. 1996 మొదలుకొని ఒలింపిక్ పోటీలలో నున్నది. ఈ పడవలకు యంత్రము లేదు, తెడ్డు లేదు. గాలియు, తెరచాపయు, చుక్కానియు, నడుపువాని బుద్ధియు, ఇంతే సరంజామా.

క్రిందటి యేడు ఒక వివాహమునకు సికింద్రాబాదు పోయినప్పుడు మేము రెండు దినములు అదనముగా నిలిచి ఆ మొదటి పాఠము చెప్పించుకొంటిమి. నలుబది దాటిన శరీరముతో పదేండ్ల పిల్లల సరసన గట్టుమీద కూర్చుండి పాఠము వినుట మాకు చిన్నతనమనిపించలేదు. వర్తకుడు ఎవరియొద్దనైనను లెక్క నేర్చుకొనును. నీటిమీదికి పోకముందు గంటసేపు నేలమీదనే చెప్పిరి. గాలి ఎటునుండి వచ్చుచున్నదో ముందు ముఖముతో తెలిసికొనవలెను. తరువాత చెరువుమీది అలలను, గట్టుమీది జెండాను చూడవలెను. తెరచాపను బిగించుటకును వదలుటకును ఒక త్రాడు ఉండును. దానిని వారు షీటనుచున్నారు. మా బట్టల దుకాణములో షీటనగా దుప్పటి గనుక, మొదట ‘షీటు లాగుడు’ అని కేక వినిపించినపుడు మేము చుట్టును చూచితిమి. ఆ తెరచాప గుడ్డను కూడ చేతితో తడవి చూచితిమి. నూలు కాదు, దట్టమైన పాలియెస్టరు నేత, తడిసినను గాలి లాగినను సాగనిది.

చుక్కాని పిడిని కుడికి త్రోసిన పడవ ఎడమకు తిరుగును, ఎడమకు త్రోసిన కుడికి. ఇది పెద్దలకు కష్టము, పిల్లలకు సులభము. గాలి వచ్చు దిక్కునకు సూటిగా ఏ తెరచాప పడవయు పోజాలదు. ఆ దిక్కునకు అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు సుమారుగా విడిచిపెట్టి, ఒకమారు కుడికి ఏటవాలుగా, ఒకమారు ఎడమకు ఏటవాలుగా, ఘాటు రోడ్డు ఎక్కినట్లు మెలికలు తిరుగుచు పోవలెను. బంధువుల యొద్ద పాత బాకీ వసూలు చేయబోవువారికి ఈ మార్గము క్రొత్త కాదు. మెలిక తిరిగినప్పుడెల్ల తెరచాప అడుగునగల అడ్డకొయ్య తలమీదుగా ఒకవైపునుండి మరియొకవైపునకు వచ్చును. తల వంచవలెను, చోటు మారి కూర్చుండవలెను, చేతిలోని త్రాడును పిడిని విడువరాదు. ఈ మూడును ఒక్క క్షణములో జరుగవలెను.

మాకు మిక్కిలి నచ్చిన సంగతి వేరొకటి. పడవ వేగము హెచ్చి భయము కలిగినపుడు ఏమి చేయవలెనని ఒక పిల్లవాడు అడిగెను. త్రాడు వదలుమని గురువు చెప్పెను. త్రాడు వదలగనే తెరచాప గాలికి పటపట కొట్టుకొనును, పడవ తనంత తానే నెమ్మదించి నిలుచును. భయపడిన మనుష్యుని చేయి బిగిసికొనును, ఇంకను గట్టిగా లాగును. ఆ చేతిని వదలించుట కొరకే మొదటి దినమెల్ల సరిపోయినది.

రెండవ దినమున పడవను కావలెననియే బోర్లవేయించిరి. ఇది వినగనే సమావేశములో కొందరు తల్లులు చెవులు మూసికొనిరి. కాని పాఠమునకు ప్రాణము ఇదియే. అందరికిని తేలుకోటు తొడిగి, ప్రక్కనే రక్షణ పడవ నుంచి, ఒక్కొక్కరిచేత చేయించిరి. బోర్లపడిన పడవను విడిచి గట్టువైపు ఈదబోరాదు. గట్టు దగ్గరగా కనబడును, కాని దగ్గర కాదు. పడవను పట్టుకొనియే యుండవలెను. దాని అడుగునుండి బయటికి వచ్చిన నడిమి పలకపై నిలిచి బరువు వేసిన, పడవ తిరిగి లేచును. పదకొండేండ్ల బాలిక యొకతె రెండవ ప్రయత్నముననే లేపెను. మాకు నాలుగు కావలసివచ్చెను.

ఇక పెద్దల భయమును గూర్చి. ఆ భయమునకు కారణములు లేకపోలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు పోయిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగి పదులకొలది ప్రాణములు పోయినవి. అందు వరంగల్లు ప్రాంతపు కుటుంబములును కలవు. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణీ చెరువున విహారమునకు వచ్చిన బడిపిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలును ఇద్దరు ఉపాధ్యాయులును చనిపోయిరి. ఆ పడవలో పట్టదగినదానికంటె ఎక్కువమందిని ఎక్కించిరి; తేలుకోట్లు అందరికిని లేవు. హుస్సేన్ సాగరముననే 1990లో బుద్ధవిగ్రహమును తీసికొనిపోవు బల్లకట్టు ఒరిగి, విగ్రహము నీటిలో పడి, పనివారు ప్రాణములు గోల్పోయిరి. 1992లో గాని ఆ విగ్రహమును తిరిగి పైకి తీసి నిలబెట్టలేకపోయిరి.

ఇవన్నియు మేము మరువలేదు. అయితే చూడుడు: వడోదర పిల్లలు పడవ నడుప నేర్చుకొనబోయి చనిపోలేదు. ఎవరో ఎక్కుమనగా ఎక్కినవారు వారు. పడవలో ఎంతమంది పట్టుదురో, తేలుకోటు లేనిదే కాలు పెట్టరాదో, బరువు ఒకవైపున చేరిన ఏమగునో వారికి చెప్పినవారు లేరు. మనము పిల్లలను నీటినుండి దూరముగా నుంచినంతమాత్రమున వారు జీవితమంతయు దూరముగా నుండరు. కళాశాల విహారయాత్రకు పోదురు, స్నేహితులతో పోదురు, పెండ్లియైన పిమ్మట గోవాకు పోదురు. ఆ దినమున వారు ప్రయాణికులుగా ఎక్కుదురు. చుక్కాని ఒకమారు పట్టిన పిల్లవాడు తేలుకోటు అడిగి తీసికొనును, లేదన్నచో దిగిపోవును. పదిమందిలో నిలిచి ‘ఈ పడవ ఎక్కను’ అనగల ధైర్యము తెలిసినవానికే యుండును. మేము కోరునది ఆ ధైర్యము. పతకములు వచ్చిన సంతోషమే, రాకున్నను నష్టము లేదు.

చంద్రపూరున నీరు లేదనుట కూడ సత్యదూరము. ఇరయి, ఝర్‌పట్ నదులు మన ఊరిని ఒరసికొని పోవుచున్నవి. 2022 జూలైలో ఇరయి పొంగి పేటలలోనికి వచ్చినపుడు పడవలు మన వీధులలోనే తిరిగినవి. మోకాలి లోతు నీటిలో పడవ యెక్కుటకు భయపడి ఇల్లు కదలనన్న ముసలివారిని మేమెరుగుదుము. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహితయై సిరోంచా దాటి గోదావరిలో చేరుచున్నది. ఆ ఒడ్డులనుండి వచ్చిన మన పాత కుటుంబములవారికి దోనెలు క్రొత్త కావు. 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండిన రాజూరానుండి వచ్చినవారిని అడిగినచో, రేవు దాటి పెండ్లిండ్లకు పోయిన తాతల కథలు చెప్పుదురు.

వర్తకులైన మిత్రులకు మరియొక మాట. శ్రీయజ్ఞ శాతకర్ణి నాణెములమీద రెండు కొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో ఓడవర్తకులకు అభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు తుపానుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును దోచుకొనెడివారనియు, తాము నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపమనియు అందలి తాత్పర్యము. ఆ సుంకమునకు కూపశుల్కమని పేరు. కూపకమనగా తెరచాప కొయ్య. కోరంగి రేవునుండి ఓడలెక్కిపోయిన మనవారిని బర్మాలో కోరంగీలనియే పిలిచెడివారు. చుక్కాని యను మాట సయితము సముద్రముమీదుగా వచ్చినదే. మన పిల్లలు వీధిలో వినెడి మరాఠీ ‘సుకాణూ’కును మన చుక్కానికిని మూలము ఒక్కటే, అరబ్బీలోని ‘సుక్కాన్’. మాతో పాఠము విన్న తెలుగు పిల్లలలో సగముమందికి తెరచాప యను మాట తెలియదు. వస్తువును చేతబట్టని పిల్లలకు మాట ఎట్లు నిలుచును?

ఆడపిల్లల విషయమున మేము ఎక్కువ వ్రాయము. నేత్రా కుమనన్ అను చెన్నపట్నపు యువతి భారతదేశమునుండి ఒలింపిక్ సెయిలింగునకు అర్హత పొందిన మొదటి మహిళ. 2021లో జరిగిన టోక్యో పోటీలలోను, 2024 పారిస్ పోటీలలోను పాల్గొనెను. అంత దూరమేల? హుస్సేన్ సాగరముమీద నేర్చిన తెలంగాణ యువతి ప్రీతి కొంగర, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 470 అను పడవను సుధాంశు శేఖరుతో కలిసి మన దేశము పక్షమున నడిపెను. ఆడపిల్లలను విడిచి మగపిల్లలను మాత్రమే పంపుదమనువారి పట్టికలో మా సంతకముండదు.

హుస్సేన్ సాగరము మురికిదను ఆక్షేపణ మాత్రము న్యాయమైనది. 1562 ప్రాంతమున ఇబ్రాహీం కుతుబ్ షా కాలమున త్రవ్వించిన ఆ చెరువు ఊరి మురుగుకు ఎంతో కాలముగా బలియైనది. కొన్ని దినములలో వాసన కూడ ఉండును. నీరు నోట పోసికొనరాదు. గాయములున్న పిల్లలను దింపరాదు. బయటికి రాగానే సబ్బుతో స్నానము చేయవలెను. ఇంత చెప్పియు మేము అచటికే పొమ్మనుటకు కారణము, శిక్షణ ఇచ్చువారు అచటనే యుండుట. సైన్యమువారి ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ ఆ నీటిమీద పోటీలు నడపుచు వచ్చినది. 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదపిల్లలకు కూడ ఈ విద్య నేర్పి జాతీయ పోటీలకు పంపినది. మన రామాళా చెరువులోనే నేర్పించరాదా యని ఒక యువకుడు అడిగెను. ఆ చెరువును బాగుచేయుడని 2021లో ఈ ఊరనే నిరాహారదీక్ష జరిగినది. గోండు రాజుల కాలపు ఆ నీటిమీద మన పిల్లలు తెరచాప ఎత్తు దినము వచ్చినచో ముందుగా టెంకాయ కొట్టువారము మేమే. అంతవరకు కాజీపేట మీదుగా పోవు రైలుబండి యున్నది.

సొమ్ము సంగతి. సంఘ నిధిలోనుండి కాసు ముట్టవలదని మేమును ఒప్పుకొనుచున్నాము. శక్తి గలవారు తమ పిల్లల ఖర్చు తామే భరింతురు. శక్తి లేని నలుగురు పిల్లల ఖర్చు బజారువీధి వర్తకులము ముగ్గురము పంచుకొందుము. భోజనము, పడక సికింద్రాబాదున మన బంధువుల ఇండ్లలో. ఆ పాటి బంధుత్వము మనకింకను మిగిలియున్నది. ఇచట మే నెలలో 46, 47 డిగ్రీల ఎండలో పిల్లలు ఇంట పడియుండి ఫోనులు చూచుటకు అగు ఖర్చు ఎవరును లెక్క కట్టుట లేదు.

పేరులు ఇచ్చువారు ఈ నెలాఖరులోగా సంఘ కార్యాలయమున ఇవ్వవలెను. తల్లిదండ్రులు ఇరువురి సంతకములును కావలెను. ఈత వచ్చునో రాదో దాచక వ్రాయవలెను. రానివారికి ముందుగా ఈ ఊరనే ఈతకొలనులో పదునైదు దినములు నేర్పింతుము. తేలుకోటు వేసికొననని మొరాయించు పిల్లవానిని, వాడు ఎవరి కుమారుడైనను, గట్టుమీదనే కూర్చుండబెట్టుదుము. రెండు జతల బట్టలు, టోపీ, తడిసిన జారని రబ్బరు చెప్పులు తెచ్చుకొనవలెను. కళ్ళజోడు గలవారు దానికి త్రాడు కట్టుకొని రావలెను.