ప్రగల్భములకు సంకెలలేల?

యుద్ధభూమిని కన్నెత్తియైన చూడనివాడు రొమ్మున వీరపతకము తగిలించుకొని సభలలో ముందువరుసను కూర్చుండుటకంటె జుగుప్సాకరమగు దృశ్యము వేరొకటి లేదు. పరుల రక్తముతో గడింపబడిన కీర్తిని తనదిగా చెప్పుకొనువాడు బ్రతికియున్నవారినే గాక మృతులను గూడ దోచుకొనుచున్నాడు. ఇంతవరకు మాకెవ్వరితోను వివాదము లేదు. అయితే అట్టివాడు పలికిన బొంకునే నేరముగా నెంచి వానిని కారాగారమునకు పంపవలెనను వారితో మేము ఏకీభవింపజాలము. బొంకు వేరు, బొంకుతో చేసిన దొంగతనము వేరు. మొదటిదానికి లోకుల నవ్వు చాలును. రెండవదానికి చెరసాల వలయును. ఈ భేదమును మరచిన శాసనము వీరులకు గౌరవమును చేకూర్పదు. పౌరులకు భయమును మాత్రము మిగుల్చును.

అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ మార్గమును త్రొక్కి చూచినవి. 2005లో ప్రతిపాదింపబడి 2006 డిసెంబరులో అధ్యక్షుని ఆమోదము పొందిన యొక శాసనము, సైనికపురస్కారము తనకు లభించినదని అబద్ధమాడుటనే నేరముగా నిర్ణయించినది. సామాన్య పురస్కారమైనచో ఆరు నెలలు, అత్యున్నతమగు ‘మెడల్ ఆఫ్ ఆనర్’ అయినచో ఒక సంవత్సరము వరకు ఖైదు! ఆ బొంకువలన ఎవరికి నష్టము కలిగినది, చెప్పినవానికేమి లాభించినది అను విచారణతో ఆ శాసనమునకు పనిలేదు. 2007లో కాలిఫోర్నియాలో నీటిసరఫరా మండలి సభ్యుడగు జేవియర్ అల్వారెజ్ అనునతడు సభలో లేచి, తాను 25 సంవత్సరములు మెరైను దళమున పనిచేసితిననియు, 1987లో మెడల్ ఆఫ్ ఆనర్ పొందితిననియు పలికెను. అతడు ఒక్క దినమైనను సైన్యమున లేడు. న్యాయస్థానము అతనికి 5,000 డాలర్ల జరిమానాను, మూడేండ్ల ప్రొబేషనును విధించెను.

వ్యవహారము అచ్చటి సుప్రీంకోర్టు వరకు పోయినది. 2012 జూన్ 28వ తేదీన ఆరుగురు న్యాయమూర్తులొక వైపునను, మువ్వురొక వైపునను నిలువగా, ఆ శాసనము కొట్టివేయబడినది. జస్టిస్ కెనడీ తన అభిప్రాయమున రెండు సంగతులను ఎత్తిచూపెను. సర్కారు విచారణ ఆరంభము కాకమునుపే ప్రజలు అల్వారెజును పరిహసించిరి. తోటిసభ్యుడొకడు రాజీనామా కోరెను. పురస్కారములు పొందినవారి పట్టికను ప్రభుత్వమే అందరికి అందునట్లుంచినచో బొంకు క్షణములో బయటపడును. ఇక జస్టిస్ అలిటో మొదలగు మువ్వురు భిన్నాభిప్రాయమును ప్రకటించిరి: ఇట్టి బొంకులు పెచ్చుపెరిగినచో పతకము విలువయే తరిగిపోవుననియు, వీనిని రక్షించుటవలన లోకమునకు ఒరుగునదేమియు లేదనియు వారి వాదము.

ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో ప్రాణములర్పించిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుకు మరణానంతరము లభించిన మహావీరచక్రమును 2021లో ఆయన తల్లియు భార్యయు అందుకొనిరి. ఆ పతకమునకు వారు చెల్లించిన మూల్యమెంతయో తెలిసినవారెవ్వరును దొంగ పతకమును చూచి ఊరకుండజాలరు. కాని దొంగ నాణెము వంటిది కాదు దొంగ పతకము. నాణెముపై ఎవరి పేరును లేదు గనుక నకిలీ అసలులో కలిసిపోవును. పతకమునకో, పేరు కలదు, దళము కలదు, తేదీ కలదు, ప్రభుత్వ ప్రకటన కలదు. 1947 మొదలు 1999 కార్గిల్ యుద్ధము వరకు పరమవీరచక్రము పొందినవారు 21 మంది. అందు 14 మందికి అది మరణానంతరమే లభించినది. ఈ పట్టికలో లేనివాడు తనను పరమవీరుడనుకొన్నచో వానిని పట్టుకొనుటకు పోలీసేల? చదువను, లెక్కింపను వచ్చిన బాలుడు చాలును.

మన దేశమున చట్టము లేదని ఎవ్వరును చింతింపనక్కరలేదు. సైనికుడు కానివాడు, సైనికుడనిపించుకొను నుద్దేశముతో సైనికుని దుస్తులనుగాని చిహ్నమునుగాని పోలినవానిని ధరించినచో మూడు నెలల ఖైదు విధింపవచ్చునని 1860 నాటి శిక్షాస్మృతి 140వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత దానినే 168వ సెక్షనుగా నిలుపుకొని, 500 రూపాయల జరిమానాను 2,000 చేసినది. వేషము వేసి ధనము లాగినవానికి మోసము క్రింద ఏడేండ్ల వరకు శిక్ష వేరుగా నున్నది. ఇక మిగిలినది వట్టి మాట యొక్కటే. దానిని గూడ నేరము చేయుదమా? రాజ్యాంగపు 19వ అధికరణము వాక్స్వాతంత్ర్యమునకు విధించిన హద్దులలో పరువునష్టము కలదు, శాంతిభద్రతలు కలవు, దేశరక్షణ కలదు. అసత్యమను మాట మాత్రము లేదు. బిరుదములన్నిటిని రద్దుచేసిన 18వ అధికరణము సైనిక, విద్యా విశిష్టతలను మాత్రము మినహాయించినది. అనగా సైనికగౌరవమెట్టిదో ఎరిగినవారే ఆ రాజ్యాంగమును రచించిరి. ఎరిగియు, బొంకును హద్దుల పట్టికలో చేర్పలేదు.

పలికిన మాటకు, వ్రాసిన వ్రాతకు చెరసాల యెట్టిదో ఈ జాతికి తెలియనిది కాదు. 1908లో తిలక్ మహాశయుని ఆరేండ్లు మాండలే చెరకు పంపినది వ్యాసములే. ఆ సంవత్సరమే బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహనేరముపై ఖైదీ అయిరి. ఏది సత్యమో ఏది అసత్యమో నిర్ణయించి అసత్యవాదిని బంధించు అధికారము ఒకమారు సర్కారు చేతికిచ్చినచో, అది పతకముల యొద్దనే ఆగునని పూచీపడువారెవ్వరు? నేడు పతకము, రేపు లెక్క, ఎల్లుండి చరిత్ర! పిచ్చుకపై ప్రయోగించిన బ్రహ్మాస్త్రము పిచ్చుకతో ఆగదు.

కాగా నిజమైన నష్టమెచ్చట నున్నదో చూడుడు. స్వాతంత్ర్య సమరయోధులకు 1972లో కేంద్రప్రభుత్వము పింఛను నేర్పరచెను. అజ్ఞాతవాసమున నుండి పోరాడినవారికి కాగితపు సాక్ష్యముండదు గనుక, దీర్ఘకాలము జైలులోనున్న యోధుల ధ్రువపత్రము చాలునని నియమము చేసిరి. ఆ సదుద్దేశమే దొంగలకు ద్వారమైనది. నిజాము రాజ్యములోనిదగు బీడ్ జిల్లాలో బోగస్సు యోధులు బయలుదేరిరి. ఆ వ్యవహారము 2005లో మన సుప్రీంకోర్టు ముందునకు రాగా, మోసముచే పొందినదేదియు నిలువజాలదని కోర్టు నిశ్చయించినది. ఇచ్చట దోషమేది? వట్టి ప్రగల్భము కాదు, ప్రజాధనము. దోషి యొక్కడు కాడు. పుచ్చుకొన్నవాని వెనుక ధ్రువపత్రమిచ్చిన చేయి కలదు.

అమెరికావారును తుదకు ఈ భేదమునే గ్రహించిరి. 2013లో వారు చేసిన క్రొత్త శాసనము ధనమును, ఆస్తిని, లేక మరియొక ప్రత్యక్షలాభమును పొందు నుద్దేశముతో మోసపూరితముగా పురస్కారము చెప్పుకొనుటనే నేరముగా నెంచుచున్నది.

కావున మేము కోరునది ఇది. ఉద్యోగము, భూమి, పింఛను, చందా – ఏదేని దొంగ పతకముతో పొందినవానిని ఉన్న చట్టముతోనే విచారించి, తిన్నదంతయు కక్కించవలెను. తెలిసియు ధ్రువపత్రమిచ్చినవానిని గూడ ఆ బోనులోనే నిలుపవలెను. పురస్కారము పొందిన ప్రతివాని పేరును, కార్యమును ప్రతిభాషలోను పాఠశాలలకును, పంచాయతీలకును అందింపవలెను.

కేవలము గొప్పలు చెప్పుకొనువాని సంగతి లోకమునకు వదలుడు. విరాటుని కొలువులోని ఉత్తరకుమారుని ఏ ధర్మాసనమును శిక్షింపలేదు. అయినను వేలయేండ్లుగా తెలుగువాడు ప్రగల్భమనగానే ఆ పేరే తలచుచున్నాడు. అంతటి శిక్షను ఏ న్యాయాధిపతి విధింపగలడు? వీరులను ఎరిగిన జాతిలో దొంగవీరుడు దాగలేడు. ఎరుగని జాతికి ఎన్ని సెక్షనులున్నను వీరులు మిగులరు.