హాంబర్గర్‌లో హామ్ ఎక్కడుంది మామూ?

పోయిన నెల కడపలో మా ఖాన్‌దాన్‌లో ఒక వలీమా. దావత్ అయిపోయింది, రాత్రి పిల్లలంతా మిద్దె మీద చేరి బర్గర్లు తెప్పించుకున్నారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నోట్లో పెట్టుకోబోతుంటే మా మామూ గట్టిగా అరిచారు. "హాంబర్గర్ కదా అది? హామ్ అంటే సువర్ గోష్త్! పారెయ్ బేటీ!" అందరి ముందరా అన్నారు. ఆ పిల్ల ప్లేటు పక్కన పెట్టేసి, ఏమీ తినకుండా పడుకుంది.

మామూ నియ్యత్ మంచిదే. కానీ తహ్‌ఖీఖ్ చేయకుండా ఒక వస్తువును హరాం అనేయడం మన దీన్‌లో చిన్న మాట కాదు.

ఇది పూర్తిగా గలత్‌ఫహమీ. ఆ పేరులో ఉన్నది హామ్ కాదు, హాంబర్గ్. జర్మనీలో ఓడరేవు పట్నం. కడప మనిషిని కడపాయన అన్నట్టే, హాంబర్గ్‌ది కాబట్టి హాంబర్గర్. జర్మన్లు బతుకుతెరువుకు అమెరికా పోయిన 19వ శతాబ్దంలో అక్కడి హోటళ్లలో గొడ్డు ఖీమాను బిళ్లగా అదిమి, కాల్చి, హాంబర్గ్ పేరుతో అమ్మేవాళ్లు. దాన్ని రొట్టె మధ్య మొదట పెట్టింది మేమంటే మేమని అమెరికాలో మూడు నాలుగు ఊళ్లు ఇప్పటికీ తగువులాడుకుంటాయి. 1921లో విచిటా అనే ఊళ్లో వైట్ కాసిల్ హోటల్ ఒక్కోటి ఐదు సెంట్లకు అమ్మి దాన్ని గరీబోళ్ల దాకా తెచ్చింది. తర్వాత జనమే ఆ పేరును నడుమ విరిచి చీజ్ బర్గర్, చికెన్ బర్గర్ అనుకుంటూ పోయారు. మామూ కూడా సరిగ్గా అక్కడే విరిచారు!

ఇంకో మజా ఉంది. జర్మన్‌లో 'బుర్గ్' అంటే కోట. మన కర్నూలు కొండారెడ్డి బురుజులోని 'బురుజు' అరబ్బీ 'బుర్జ్' నుంచి వచ్చింది. ఈ రెండూ దూరపు చుట్టాలని కొందరు భాషా పండితులంటారు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ణి, ఇట్లాంటివి కనబడితే వదలలేను.

సరే, పేరులో పంది లేదని లోపలున్నదంతా హలాల్ అయిపోదు. అడగాల్సిన సవాల్ వేరే. చికెన్ జబీహానా కాదా? కర్నూల్లో ఒక చిన్న దుకాణంలో అడిగితే "ప్యాకెట్లో వస్తుంది సార్" అన్నాడు కుర్రాడు. చూపించమన్నా. పాపం, ఫ్రిజ్‌లోంచి తీసి చూపించాడు, హలాల్ ముద్ర ఉంది. రెండు నిమిషాల పని. ఇంకోటి మయోనైజ్. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాది పాటు నిషేధించింది. పిల్లల కడుపులు పాడయ్యేది దానితో. దాని మీద మన పెద్దలెవరూ అరవరు.

మొన్న ఆదివారం మామూను ఇంటికి పిలిచాం. మనకు తెలిసిన ఖసాయి దగ్గర అరకిలో మటన్ ఖీమా తెచ్చా. సన్నగా తరిగి నీళ్లు పిండేసిన ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, రెండు గరిటెల పుట్నాల పొడి. షామీ కబాబు చేయి తిరిగిన మా బేగంకు ఇదో లెక్క కాదు. ఒక్కటే జాగ్రత్త: బిళ్లను బన్ను కంటే వెడల్పుగా తట్టాలి, నడుమ వేలితో కొంచెం నొక్కాలి. పెనం మీద పడగానే అది ముడుచుకుంటుంది. బేకరీ బన్నును కోసి వెన్నతో కాల్చాం. మయోనైజ్ బదులు కడప దోసెకు పూసే ఎర్రకారం పూసింది మా అమ్మాయి.

మామూ రెండు తిన్నారు. మూడోది వద్దన్నారు, ఎర్రకారం కొంచెం ఎక్కువైందంట. దాన్ని బర్గర్ అనడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, కబాబ్ బన్ అనే అంటున్నారు.