సేనాపతి పేరు సరే, సేన పేర్లేవి?

డుంబ్రిగుడ తహసీల్దారు కార్యాలయంలో కుల ధ్రువపత్రం తీసుకున్నా, మండలంలోని ఏ బడి బోర్డు చదివినా జిల్లా పేరు దగ్గర అల్లూరి సీతారామరాజు కనిపిస్తాడు. 2022 ఏప్రిల్ 4న పాడేరు, రంపచోడవరం ప్రాంతాలను కలిపి, 22 మండలాలతో, పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. దానికి మన్యం వీరుడి పేరు పెట్టారు. ఆ పేరు మీద ఎవరికీ అభ్యంతరం లేదు, ఉండనక్కర్లేదు కూడా.

ఆ పేరు మన్యం దాకా వచ్చి ఆగలేదు. ఏలూరులో వైద్య కళాశాలకు ఆయన పేరుంది. భోగాపురం అంతర్జాతీయ విమానాశ్రయానికీ ఆయన పేరే ఖరారు చేశారు. 1986లో తపాలా బిళ్ల వచ్చింది. 2022 జులై 4న, 125వ జయంతి నాడు, భీమవరంలో ప్రధానమంత్రి 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. తెలుగునాట ఇంత గౌరవం దక్కిన సేనాని మరొకరు లేరు. నా పేచీ ఈ గౌరవంతో కాదు. సేనాపతికి పట్టిన ఈ హారతిలో సేన ముఖాలు ఎక్కడా వెలగకపోవడంతో.

1922లో ఏం జరిగిందో ఒకసారి చూడండి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అడవి సరుకు మీద ఆంక్షలు పెట్టింది. గూడెం తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనికి కొండవాళ్లను తోలి, కూలి సరిగా ఇవ్వక పీడించాడు. గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులకు అతనితో బద్ధ వైరం. కొండల మీద కోపం అప్పటికే రాజుకుని ఉంది. సీతారామరాజు దాన్ని పోగుచేసి ఒక దారిలో నడిపించాడు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి. దొరికినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. ఏమేం తీసుకెళ్లిందీ స్టేషను రికార్డులోనే రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడాయన. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులను మట్టుపెట్టారు. మలబారు ప్రత్యేక పోలీసులు చాలక సర్కారు అస్సాం రైఫిల్స్‌ను దించింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపేదాకా దానికి నిద్ర పట్టలేదు.

ఏ సైనిక పాఠశాలలోనూ చదవని మనిషి ఇంత యుద్ధం నడిపాడంటే ఆశ్చర్యమే. కానీ ఏ లోయలో ఎక్కడ మలుపుందో, ఏ గట్టు మీద నుంచి ఘాట్ మొత్తం కనిపిస్తుందో, తరుముకొస్తున్న పటాలాన్ని ఏ వాగు దగ్గర తప్పించుకోవచ్చో మైదానంలో పుట్టిన రాజుకు ఎవరు చెప్పారు? రెండేళ్లపాటు అన్నం పెట్టిందెవరు? కబురు మోసిందెవరు? గంటం దొర, మల్లు దొర, ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు, ఇంకా ఏ కాగితానికీ ఎక్కని కొండవాళ్లు. రాజు పోయిన కొద్ది వారాలకే గంటం దొర కూడా పోరులో ప్రాణం వదిలాడు. కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉన్నచోటే అతని సమాధీ ఉంది. మల్లు దొర పట్టుబడి, ఏళ్లకేళ్లు శిక్ష అనుభవించి, బతికి బయటపడ్డాడు. 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఏ సర్కారు వేటాడిందో ఆ సర్కారు పోయాక స్వతంత్ర దేశపు పార్లమెంటులో కూర్చున్న కొండ మనిషి ఆయన. ఈ సంగతి మన ఆశ్రమ పాఠశాలల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు?

సేనానుల పేర్లు ఊళ్లకు, వీధులకు పెట్టడం ప్రపంచమంతా ఉన్న అలవాటే. వాటర్లూ విజేత వెల్లింగ్టన్ పేరు న్యూజిలాండ్ రాజధానికి ఉంది. ఆయన ఆ దేశంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. హైదరాబాదులో నిజాం సేనలను నడిపి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమాండ్ పేరు మూసారాంబాగ్‌లో మిగిలింది. అక్కడ బస్సు దిగేవాళ్లలో ఆ పేరు వెనకున్న మనిషిని ఎరిగినవాళ్లు తక్కువ. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీకి సర్ ఆర్థర్ కాటన్ పేరుంది. ఆయనా సైనికుడే, సైన్యంలో జనరల్ హోదా దాకా ఎదిగినవాడే. కానీ జనం ఆయన్ను మొక్కేది కత్తికి కాదు, 1852లో పూర్తయిన ఆనకట్టకు. ఆ ఆనకట్ట పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు గోదావరి జిల్లాల్లో ఈనాటికీ చెప్పుకుంటారు. పరాయి దొర పక్కన మనవాడి పేరు నిలబెట్టుకోగలిగినవాళ్లం, మన రాజు పక్కన మన దొరల పేర్లు నిలబెట్టలేమా?

పొరుగు రాష్ట్రాన్ని చూడండి. తెలంగాణ 2016లో ఆసిఫాబాద్ జిల్లాకు కుమురం భీం పేరు పెట్టింది. భీం గోండు బిడ్డ. జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగినవాడు. అక్కడ పోరాడినవాళ్లలోనుంచే పేరు వచ్చింది. మన దగ్గర నాయకుడి పేరొచ్చింది, పోరాడినవాళ్ల పేర్లు రావాల్సి ఉంది.

పేర్లు పెడితే కడుపు నిండుతుందా అని అడిగేవాళ్లుంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఊరికే పుట్టలేదు. రోడ్డు లేని గూడేల్లో గర్భిణిని డోలీలో మోసుకెళ్లే రోజులు మన్యంలో ఇంకా పూర్తిగా పోలేదు. పోడు పట్టా కోసం తిరిగేవాళ్లూ ఉన్నారు. రోడ్డు కూలీ, అడవి హక్కు అనే రెండు మాటల మీద మొదలైన పోరు నాయకుడి పేరు పెట్టుకున్న జిల్లాలో ఆ రెండూ తీరకపోతే ఆ పేరుకే మచ్చ. ఇందులో రెండో మాట లేదు. కానీ రోడ్డా, పేరా అని ఒకటే ఎంచుకోమనడం న్యాయం కాదు. విమానాశ్రయానికి పేరు పెట్టేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. గూడెం బడికి పెట్టమన్నప్పుడే ఎందుకు గుర్తుకొస్తుంది?

డుంబ్రిగుడ, అరకు ఆనాటి దాడులకు ప్రధాన రంగం కావు. దాడి జరిగిన స్టేషన్లన్నీ ఇక్కడికి దక్షిణాన ఉన్నాయి. అయినా జిల్లా పేరుతో ఆ చరిత్ర ఇక్కడి పిల్లలకూ వారసత్వంగా వచ్చింది. వచ్చినప్పుడు మొత్తం రావాలి. మన ఆశ్రమ పాఠశాలల బోర్డులు చూడండి: గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాల, బ్రాకెట్లో బాలురు లేదా బాలికలు. ఊరి పేరు తప్ప వాటికి మరో గుర్తు లేదు. ఒకదానికి గంటం దొర పేరు, మరొకదానికి మల్లు దొర పేరు, కొత్తగా కట్టే ఒక వంతెనకు ఎండు పడాలు పేరు పెడితే ఖజానాకు అయ్యే ఖర్చు రంగు డబ్బా, కుంచె. దాని కింద వాళ్లెవరో నాలుగు వాక్యాలు రాయిస్తే బడికొచ్చే పిల్లలకు అదే మొదటి చరిత్ర పాఠం.

ఇందుకు పైనుంచి ఆదేశం కోసం కాచుకు కూర్చోనక్కర్లేదు. ఈ మండలం ఐదో షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తన సంప్రదాయాన్ని, గుర్తింపును కాపాడుకునే అధికారం ఇచ్చింది. డుంబ్రిగుడ మండల సర్పంచులకు, పెద్దలకు నా మనవి ఒక్కటే: వచ్చే గ్రామసభ ఎజెండాలో ఈ ఒక్క అంశం చేర్చండి. మీ ఊరి బడికి ఎవరి పేరు ఉండాలో మీరే తేల్చి, తీర్మానం రాసి పాడేరు ఐటీడీఏకు పంపండి.