దద్దుర్లు - పథ్యాలు

ప్రశ్న: నా వయస్సు 32. నాలుగు నెలలుగా ఒంటిమీద ఎర్రగా దద్దుర్లు లేస్తున్నాయి. భరించరాని దురద. ఏది తిన్నా, తినకపోయినా సాయంత్రానికి మొదలవుతాయి. తెల్లవారేసరికి మాయం. మర్నాడు మరోచోట! రక్తం చెడిందని మా అత్తగారు అంటారు. వంకాయ, గోంగూర, గుడ్లు, చేపలు, చివరకు కందిపప్పు కూడా మానేశాను. చిక్కిపోయానే గాని దద్దుర్లు తగ్గలేదు. ఇంకా ఏం మానాలి?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: ఏమీ మానవద్దు. ఇవాళే కందిపప్పు వండుకోండి.

మీ రక్తం చెడలేదు. చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి. అవి హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలితే సన్నని రక్తనాళాల నుంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, దురద పుడుతుంది. ఒక్కొక్క దద్దురు సాధారణంగా 24 గంటల్లోపు మచ్చ లేకుండా పోతుంది. అంతకుమించి ఒకేచోట నిలిచి, నొప్పి పెట్టి, కమిలిన మచ్చ మిగిల్చితే సంగతి వేరు. అది డాక్టరుకు చూపించాలి.

తిండి పడక వచ్చే దద్దుర్లు తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో లేస్తాయి. అది తిన్నప్పుడల్లా లేస్తాయి. మీకు అలా లేదు. ఆరు వారాలు దాటి వస్తున్న దద్దుర్లకు తిండి కారణం కావటం చాలా అరుదు. చాలామందిలో శరీర రక్షణ వ్యవస్థే ఆ కణాలను రెచ్చగొడుతుంది. (ఈ ముక్క అత్తగారికి కూడా చదివి వినిపించండి.)

తలనొప్పికీ, ఒళ్ళు నొప్పులకూ మాత్రలు మింగుతుంటారా? ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కొందరిలో దద్దుర్లను పెంచుతాయి. లంగా బొందు ఒత్తుకున్న చోట, వేడినీళ్ళ స్నానం తర్వాత ఎక్కువయ్యేవారూ ఉన్నారు.

దురద పుట్టినప్పుడు ఒక మాత్ర వేసుకుని, తగ్గగానే మానేయటం మనవాళ్ళ అలవాటు. దీర్ఘకాలపు దద్దుర్లకు అది పనికిరాదు. సెటిరిజిన్ 10 మి.గ్రా. వంటిది డాక్టరు చెప్పినన్నాళ్ళు, దద్దుర్లు లేని రోజున కూడా వేసుకోవాలి. చాలకపోతే మోతాదు ఆయనే పెంచుతారు. గర్భవతులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. పాత రకం ఎవిల్ మాత్ర మగత తెస్తుంది. స్టెరాయిడ్ మాత్రలతో మంత్రం వేసినట్టు పోతాయి, మానగానే తిరిగి వస్తాయి. నెలల తరబడి మింగితే షుగరు, బి.పి., ఎముకల బలహీనత రావచ్చు. మందుల షాపువాడిని అడిగి తెచ్చుకోవద్దు.

చాలామందికి కొంతకాలానికి, కొందరికి కొన్నేళ్ళకు, ఈ జబ్బు దానంతట అదే పోతుంది. అయితే ఎప్పుడైనా దద్దుర్లతోపాటు నాలుక వాచినా, గొంతు బిగిసినా, ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగినా మాత్ర కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయించి ఆస్పత్రికి వెళ్ళండి. అక్కడ తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే అప్పుడు ప్రాణం కాపాడేది.